డ్రిల్లు మానండి, కెపాసిటర్లు కొనండి
రిపేరు మేళా పెట్టబోయే కోకాపేట వాసులకు కొన్ని తిక్క సలహాలు

కోకాపేట నియోపోలిస్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. అంత ఖరీదైన నేల మీద లేచిన టవర్లలో ఫ్లాటుకొక యుటిలిటీ బాల్కనీ ఉంటుంది. తలుపు తీసి చూడండి. తిరగని మిక్సీ, వేడెక్కని ఇస్త్రీ పెట్టె, విజిల్ రాని కుక్కరు, జిప్పు పోయిన లాప్‌టాప్ బ్యాగు. కింద సెల్లారులో గాలి పోయి దుమ్ము పట్టిన పిల్లల సైకిళ్లు. పారేయడానికి మనసొప్పదు, బాగు చేయించడానికి తీరిక దొరకదు. అసోసియేషన్ మీటింగులో ఎవరైనా లేచి "ఒక ఆదివారం రిపేరు మేళా పెడదామా" అంటే వెంటనే సరేననండి.

ఇలాంటి మేళాలకు దారి వేసినవాళ్లు ఉన్నారు. మార్టీన్ పోస్త్మా అనే డచ్ జర్నలిస్టు 2009 అక్టోబరు 18న ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి రిపేర్ కేఫ్ నడిపారు. ఈరోజు ప్రపంచంలో అలాంటివి రెండు వేలకు పైగా ఉన్నాయి. మన పక్కనే బెంగళూరులో అంతరా ముఖర్జీ, పూర్ణా సర్కార్ 2015లో రిపేర్ కేఫ్ మొదలుపెట్టారు. 2017 నుంచి ఏటా అక్టోబరు మూడో శనివారాన్ని అంతర్జాతీయ రిపేర్ దినంగా జరుపుతున్నారు. మీ మొదటి మేళాకు తేదీ కుదరకపోతే అదే పెట్టుకోండి.

ఇక్కడ చెప్పేవి వింటే తిక్క సలహాల్లా అనిపిస్తాయి. అయినా పాటించండి. వీటి వెనక ఒకటే నమ్మకం ఉంది. మేళా పనిముట్లు లేక ఆగదు. వంద రూపాయలు కూడా చేయని విడిభాగం చేతికి అందక ఆగుతుంది, కరెంటు భయంతో ఆగుతుంది. డబ్బూ శ్రద్ధా ఆ రెండింటి మీదే పెట్టండి.

1. టూల్ కిట్ ఆర్డరు పెట్టకండి

మేళా అనుకోగానే అందరి చెయ్యీ ముందు ఫోను మీదికి పోతుంది. వంద ముక్కల కిట్టు, కార్డు లేని డ్రిల్లు కార్టులో చేరతాయి. ఆగండి. ఇంటీరియర్ పని చేయించుకున్న ప్రతి ఫ్లాటులోనూ స్క్రూడ్రైవర్లు, ఎలెన్ కీలు, కటింగ్ ప్లయర్లు మిగిలే ఉంటాయి. రెండు వారాల ముందు గ్రూపులో అడగండి. తెచ్చిన ప్రతి పనిముట్టుకూ ఫ్లాటు నంబరు రాసిన టేపు అంటించండి, సాయంత్రం లెక్క చూసి తిరిగి ఇచ్చేయండి.

డ్రిల్లు అసలు వద్దు. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, టేబుల్ ఫ్యాను లాంటి వాటిలో స్క్రూలు చాలావరకు ప్లాస్టిక్ మరలో కూర్చుంటాయి. మోటారుతో బిగిస్తే ఆ మర అరిగిపోతుంది, బాగైన వస్తువు మూత పట్టదు. చేతితో తిప్పే స్క్రూడ్రైవరే మేలు.

కొనాల్సినవి కొన్నే: రెండు మల్టీమీటర్లు, మంచి స్క్రూడ్రైవర్ల సెట్టు, నక్షత్రం, త్రికోణం తలల బిట్లు (కంపెనీలు మనం విప్పకూడదని వేసే స్క్రూలు ఇవే), నోస్ ప్లయరు, వైరు స్ట్రిప్పరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, తలకు కట్టుకునే లైటు, కళ్లకు అద్దాలు. విప్పిన స్క్రూలు పెట్టుకోవడానికి కిరాణా కొట్టులో ఊరికే ఇచ్చే కోడిగుడ్ల అట్ట చాలు. మొదట విప్పినవి మొదటి గుంటలో, తర్వాతివి తర్వాతి గుంటలో వేసుకుంటూ పోతే బిగించేటప్పుడు వెనక నుంచి రావచ్చు. ప్రతి అడుగుకీ ఫోనులో ఫొటో తీసుకోండి.

2. వస్తువులు రాకముందే విడిభాగాలు కొనండి

ఇది అన్నిటికన్నా విలువైన సలహా. చాలా మేళాలు వస్తువు విప్పి, జబ్బు కనిపెట్టి, "పార్టు తెచ్చుకోండి" అని పంపేస్తాయి. ఆ వస్తువు మళ్లీ బాల్కనీకే చేరుతుంది. కాబట్టి ముందే పేర్లు నమోదు చేయించండి. వస్తువు ఫొటోతో పాటు, అడుగున అంటించిన రేటింగ్ ప్లేటు ఫొటో కూడా పంపమనండి. బ్రాండు, మోడలు, వాట్లు దాని మీదే ఉంటాయి. జబ్బు ఏమిటో ఒక్క వాక్యంలో రాయమనండి. ఆ జాబితా పట్టుకుని బజారుకు వెళ్లండి.

మన ఇళ్లలో తరచుగా పోయేవి ఇవీ:

ఫ్యాను కెపాసిటరు. ఫ్యాను రాను రాను నెమ్మదించినా, మూలుగుతూ నిలబడి చేత్తో తోస్తే తిరిగినా ముందు అనుమానించాల్సింది దీన్నే. మోటారులో రెండో చుట్టకు వేరే సమయంలో కరెంటు అందించి తిప్పు పుట్టించేది ఇదే. సీలింగ్ ఫ్యాన్లలో మామూలుగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది. పాతదాని మీద రాసిన విలువే వేయాలి. రిమోట్‌తో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లకు ఈ వైద్యం పనిచేయదు.

మిక్సీ కప్లర్లు, కార్బన్ బ్రష్‌లు. మోటారు తిరుగుతూ బ్లేడు తిరగకపోతే కప్లరు పళ్లు అరిగాయని అర్థం. మోటారు దగ్గర నిప్పురవ్వలు ఎక్కువై ఆగుతూ తిరుగుతుంటే బ్రష్‌లు చూడండి. ఈ రెండూ కొనకముందు మిక్సీని బోర్లించి, అడుగున ఉన్న చిన్న ఓవర్‌లోడ్ బటన్ నొక్కండి. మోటారు వేడెక్కినప్పుడు తనంతట తానే బయటికి వచ్చే బటన్ అది. గట్టి పిండి రుబ్బి ఆగిపోయిన మిక్సీ కొన్నిసార్లు ఆ ఒక్క నొక్కుతో లేచి కూర్చుంటుంది.

కుక్కరు గ్యాస్కెట్లు, సేఫ్టీ వాల్వులు. రబ్బరు గట్టిపడితే ఆవిరి పక్కల నుంచి పోతుంది, విజిల్ రాదు. బ్రాండు, లీటర్లు చూసి అచ్చంగా దానివే కొనండి. సేఫ్టీ వాల్వు దగ్గర మాత్రం "దగ్గరగా ఉంది, సరిపోతుంది" అనే మాటకు తావివ్వకండి.

ఇస్త్రీ పెట్టె వైర్లు. ఇవి మెడ దగ్గరే తెగుతాయి. వేడికి తట్టుకునే, నూలు అల్లిన వైరే వేయాలి. మామూలు ప్లాస్టిక్ తొడుగు వైరు వేస్తే కరిగి ప్రాణం మీదికి వస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గు, అందులో ఎర్తు వైరు తప్పనిసరి.

థర్మల్ ఫ్యూజులు. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్లలో, కొన్ని ఇస్త్రీ పెట్టెల్లో ఉంటాయి. ఎన్ని డిగ్రీల దగ్గర తెగాలో ఫ్యూజు ఒంటి మీదే రాసి ఉంటుంది, అదే కొనండి. దీన్ని సోల్డరు చేయకూడదు, ఆ వేడికే తెగిపోతుంది. క్రింపు చేయాలి. ఫ్యూజు తీసేసి వైరు నేరుగా కలిపే "జుగాడ్"ను మీ మేళాలో ఎవరు చేసినా ఆపండి.

వీటితో పాటు చిల్లర సరుకు: హీట్ ష్రింక్ స్లీవులు, ఇన్సులేషన్ టేపు, 6, 16 ఆంపియర్ల ప్లగ్గులు, స్విచ్చులు, సోల్డరు తీగ, ఫ్లక్సు, సన్న గరుకు కాగితం, కుట్టుమిషను నూనె, అరాల్డైట్, ఎం-సీల్. ఆటబొమ్మల్లో సెల్లులు తగిలే లోహపు రేకుల్ని తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మామూలు సోల్డరు తీగలో సీసం ఉంటుంది. కాబట్టి ఆ బల్లను టీ బల్లకు దూరంగా వేయండి, చేతులు కడుక్కోకుండా ఎవరూ బిస్కెట్టు ముట్టకూడదు.

ఇవన్నీ ఆన్‌లైన్లో తెప్పించకండి, స్వయంగా వెళ్లి కొనండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో ఎల్‌బీ నగర్ వైపు మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే కోఠి. ఎలక్ట్రానిక్స్ విడిభాగాలకు గుజరాతీ గల్లీ, ఎలక్ట్రికల్ సామానుకు ట్రూప్ బజార్, బేరింగులకు, పనిముట్లకు సికింద్రాబాద్ రాణిగంజ్. పాత పార్టు తీసుకెళ్లి కౌంటరు మీద పెడితే షాపాయన దాని తమ్ముణ్ని తెచ్చి పక్కన పెడతాడు. ఆయన అడిగే రెండు ప్రశ్నల్లోనే మీకు సగం పాఠం దొరుకుతుంది.

3. తెచ్చిన వస్తువులకు మేళా మొత్తంలో ఒక్క ప్లగ్గే ఇవ్వండి

బల్లకొక ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇస్తే పని వేగంగా సాగుతుందనుకుంటాం. మేళాలో ప్రమాదాలకు అదే మొదటి దారి. విప్పే బల్లల దగ్గర 230 వోల్టులు ఉండనే కూడదు. సోల్డరింగుకు గోడ పక్కన విడిగా ఒక బల్ల వేసి, అక్కడ ఐరన్ తప్ప మరేదీ పెట్టనివ్వకండి. బాగైన వస్తువును నడిపి చూడటానికి ఒకే ఒక పరీక్ష బల్ల ఉండాలి. దాని దగ్గర మీ కాంప్లెక్సు మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ కూర్చోవాలి. ఆయన సరేననే దాకా ఏ వస్తువూ కరెంటు చూడకూడదు. ఆ రోజు ఆయనకు డ్యూటీ భత్యం ఇవ్వండి.

ఆ బల్ల మీద ఉండాల్సినవి మూడు. మొదటిది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించిన బోర్డు. వస్తువు ఒంట్లోంచి కరెంటు భూమికి కారుతుంటే క్షణంలో కట్ చేసేది అదే.

రెండోది మన ఎలక్ట్రీషియన్లు ఎన్నేళ్లుగానో వాడే సీరీస్ బల్బు. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును ఫేజు వైరులో సీరీస్‌గా కలిపి, దాని గుండా వస్తువుకు కరెంటు ఇస్తారు. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, అంతే. మంట లేదు, చప్పుడు లేదు, ఎంసీబీ పడదు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. ఇస్త్రీ పెట్టె, హీటరు లాంటివి పెడితే ఏ షార్టూ లేకపోయినా బల్బు బాగానే వెలుగుతుంది కాబట్టి వాటిని ముందు మల్టీమీటరుతో చూడాలి. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పిన్నుల మధ్య దాదాపు 53 ఓమ్‌లు చూపించాలి. సున్నాకు దగ్గరగా ఉంటే షార్టు, ఏమీ చూపకపోతే ఎక్కడో తెగింది.

మూడోది 500 వోల్టుల మెగ్గరు. పిన్నులకూ లోహపు ఒంటికీ మధ్య ఇన్సులేషన్ మెగా ఓమ్‌లలో ఉందని ఇది చూపించాకే ఇస్త్రీ పెట్టె ఇంటికి వెళ్లాలి. కొనలేకపోతే ఫెసిలిటీ మేనేజరును అడగండి.

చేతికందే దూరంలో కార్బన్ డయాక్సైడ్ ఫైర్ ఎక్స్‌టింగ్విషరు, ఇసుక బకెట్టు, ప్రథమ చికిత్స పెట్టె పెట్టండి.

4. వద్దని చెప్పడం ముందు నేర్చుకోండి

అందరినీ సంతోషపెట్టాలనుకునే మేళా ఎవరికో హాని చేస్తుంది. గుమ్మం దగ్గరే పెద్ద అక్షరాల్లో "ఇవి తీసుకోము" అని రాసి పెట్టండి.

మైక్రోవేవ్ ఓవెన్లు: లోపలి కెపాసిటరులో రెండు వేల వోల్టులకు పైబడిన ఛార్జి, ప్లగ్గు పీకేసినా నిలిచి ఉండవచ్చు. పాత డబ్బా టీవీలదీ అదే ప్రమాదం. ఇండక్షన్ స్టవ్‌లు, ఇన్వర్టర్లు, గీజర్లు షాపులకే వెళ్లాలి. గ్యాస్ రెగ్యులేటరు, ట్యూబు ఏజెన్సీ వాళ్లే చూడాలి. ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలు ఎవరూ విప్పకూడదు. ఉబ్బిన ఫోను, పవర్ బ్యాంకు ఎవరైనా తెస్తే ఛార్జింగు పెట్టకండి, గుచ్చకండి. ఆరుబయట ఇసుకలో పెట్టి, అనుమతి ఉన్న ఈ-వేస్ట్ సేకరణదారుకు అప్పగించండి. వారంటీ ఉన్న వస్తువును విప్పి దాని హక్కు పోగొట్టకండి.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది: ఆఫీసు లాప్‌టాప్. గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా సగం ఇళ్లలో బల్ల మీద ఉండేది కంపెనీ మిషనే. ఫ్యాను శుభ్రం చేయడానికైనా సరే ముట్టుకోవద్దు. అందులో ఉన్నది ఆ ఉద్యోగి సొంతం కాదు.

5. "ఉచితం" అని బోర్డు పెట్టకండి

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉచితంగా చేయడానికి కారణం ఉంది. అక్కడ పనివాడి గంట ఖరీదైనది, వీధి చివర రిపేరు కొట్టు అరుదైపోయింది. మన దగ్గర నార్సింగిలో, మణికొండలో మిక్సీలు, ఫ్యాన్లు చూసే చిన్న షాపులు ఇంకా ఊపిరి పీలుస్తున్నాయి. ఆదివారం మనం ఉచితంగా బాగు చేసిన ప్రతి మిక్సీ, సోమవారం ఆ షాపాయన గల్లాలోంచి పోయిన డబ్బే. బాగు చేసే సంస్కృతి కోసం పెట్టిన మేళా, బాగు చేసేవాళ్ల పొట్ట కొట్టకూడదు.

అందుకని వాళ్లనే పిలవండి. మిక్సీ మెకానిక్, సైకిల్ షాపాయన, టైలరు, చెప్పులు కుట్టే మోచీ. రోజు కూలి ముందే మాట్లాడుకుని, సగం అడ్వాన్సు ఇవ్వండి. "అన్నా, మా వాళ్లకు నేర్పించాలె, అట్ల చూడు" అని చెప్పండి. భోజనం మీతో పాటే పెట్టండి. విడిభాగానికి కొన్న ధరే తీసుకోండి. వచ్చినవాళ్ల నుంచి తోచినంత హుండీలో వేయించండి, తగ్గింది అసోసియేషన్ భరించాలి. ఎవరి షాపు పేరు, దారి వారి బల్ల ముందు రాసిపెట్టండి. మన ఇంజనీర్లు సర్క్యూటు గీసి చూపగలరు. ముప్పై ఏళ్లు మోటార్లు విప్పిన చెయ్యి మాత్రం చప్పుడు విని బేరింగు పోయిందో, బుష్ పోయిందో చెబుతుంది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చునే అవకాశం మేళా ఇస్తుంది.

6. స్క్రూడ్రైవరు తెచ్చినవారి చేతికే ఇవ్వండి

వస్తువు ఇచ్చేసి, టోకెను తీసుకుని, సాయంత్రం వచ్చి పట్టుకెళ్లే పద్ధతి పెట్టకండి. అది సర్వీస్ సెంటరు పని. బల్లకు రెండు కుర్చీలు వేయండి, ఒకటి తెలిసినవారికి, ఒకటి వస్తువు తెచ్చినవారికి. విప్పేది తెచ్చినవారే, పక్కన కూర్చున్నవారు నోటితో చెబుతారు. పని నెమ్మదిస్తుంది. మూడు గంటల్లో ఇరవై వస్తువులు అయ్యే చోట ఎనిమిదే అవుతాయి. ఒకసారి మూత విప్పిన చెయ్యి రెండోసారి భయపడదు. ఆ ఎనిమిది ఇళ్లలో తర్వాతి మిక్సీ ఆగినప్పుడు ముందు బోర్లించి బటన్ నొక్కుతారు.

పిల్లల్ని కూర్చోబెట్టండి, కళ్లద్దాలు పెట్టి. కరెంటు బల్ల దగ్గరికి మాత్రం రానివ్వకండి.

7. కరెంటు లేని బల్లలకు ముందు వరుస ఇవ్వండి

ఐటీ వాళ్ల మేళా అంటే ఎలక్ట్రానిక్స్ ముందుండాలని తోస్తుంది. సైకిళ్లను, కుట్టుపనిని ముందు పెట్టండి. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరులో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒక పాయ, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఇంకో పాయ. ఇంత ట్రాకు పక్కనే ఉండగా సెల్లారులో సైకిళ్లు గాలి లేక పడి ఉండటం అన్యాయం. నీళ్ల టబ్బు, ప్యాచులు, సొల్యూషన్, టైరు లీవర్లు, 4, 5, 6 మిల్లీమీటర్ల ఎలెన్ కీలు, బ్రేకు కేబుళ్లు, చెయిన్ నూనె, అన్ని రకాల వాల్వులకూ పట్టే పంపు. ట్యూబును గరుకు చేసి, సొల్యూషన్ రాసి, అది తడి ఆరేదాకా ఆగి అప్పుడు ప్యాచు వేయాలి. తొందరపడితే రెండో రోజే ఊడుతుంది.

కుట్టు బల్ల మీద మిషను, 14, 16 నంబరు సూదులు, 5, 8 నంబరు జిప్పు రన్నర్లు. జిప్పు మూసుకోకపోతే చాలాసార్లు తప్పు పళ్లది కాదు, రన్నరు వదులైంది. నోస్ ప్లయరుతో రెండు పక్కలా కొంచెం నొక్కి చూడండి. లాప్‌టాప్ బ్యాగులు ఇక్కడే బతుకుతాయి.

8. క్లబ్‌హౌస్ వదిలి గేటు దగ్గరికి రండి

ఏసీ హాలు బాగుంటుంది, కానీ అక్కడికి అందరూ రాలేరు. టవర్ల పక్కనే పాత కోకాపేట ఊరు ఉంది. మన ఇళ్లలో వంట చేసే అక్క, హౌస్‌కీపింగ్ వాళ్లు, డ్రైవర్లు, గేటు బయట ఇస్త్రీ బండి పెట్టుకున్న అన్న, వీళ్ల ఇళ్లలో కుక్కరు ఆగితే ఆ పూటే ఇబ్బంది. గేటు పక్కన నీడ చూసి టెంటు వేయండి. బల్లల పేర్లు తెలుగులో, హిందీలో రాయించండి. నమోదు యాప్‌లోనే కాదు, సెక్యూరిటీ దగ్గర నోటుపుస్తకంలో కూడా ఉండాలి.

9. బాగైనవాటి కన్నా బాగుకానివే జాగ్రత్తగా రాయండి

ఫొటోలు, చప్పట్లు బాగైనవాటికి ఎలాగూ వస్తాయి. లెడ్జరులో బాగుకానివాటికి ఎక్కువ చోటు ఉంచండి: వస్తువు, మోడలు, ఏ భాగం దొరకలేదు, ఎందుకు విప్పలేకపోయాం, బరువెంత. ఒక కాటా పెట్టుకోండి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును బాగు చేయించుకునే హక్కు) మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అందులో ఉన్నాయి. ఏ కంపెనీ ఏ భాగం ఇవ్వడం లేదో పదిమంది ఇళ్ల లెక్కతో ఆ శాఖకు రాసిన ఉత్తరానికి, ఒక్కరి ఫిర్యాదుకు లేని బరువు ఉంటుంది. ఇక ఏమీ చేయలేనివి చెత్తబండికి వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల ప్రకారం వాటిని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులకు ఉంది. రిజిస్టరైన రీసైక్లర్‌కే అప్పగించి రసీదు తీసుకోండి.

10. పెట్టెకు తాళం వేయకండి

మేళా అయ్యాక పనిముట్లన్నీ అసోసియేషన్ ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తాం. వేయకండి. మెగ్గరు, సీరీస్ బోర్డు ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండనివ్వండి, అవి తెలిసినవారే వాడాలి. మిగతావి సెక్యూరిటీ డెస్కు పక్కన అరలో పెట్టి, తీసుకున్నవారు పేరు, ఫ్లాటు, తేదీ రాసే పుస్తకం ఒకటి తాడుతో కట్టండి. అప్పుడప్పుడు ఒక స్క్రూడ్రైవరు పోతుంది, ఇంకోటి కొనండి. మిగిలిన కప్లర్లు, గ్యాస్కెట్లు, రన్నర్లు, ప్యాచులు కూడా ధర చీటీతో అక్కడే ఉంచండి. మేళా నెలకోసారి వస్తుంది, మిక్సీ ఏ మంగళవారమో పొద్దున టిఫిన్ వేళ ఆగుతుంది. ఆ పొద్దునే కిందికి వెళ్లి, కప్లరు తెచ్చి, ప్లగ్గు పీకి, తామే వేసుకోగలిగిన ఇల్లు ఒక్కటి ఉన్నా మీ మేళా పని చేసినట్టే. అలాంటి ఇళ్లను నెలనెలా పెంచుకుంటూ పోండి.